‘నాకు రాదు నాన్నా’ అంటున్న నాలుగేళ్ల పాపకు రోబో బొమ్మ అవసరమా?

ఈసారి ఉత్తరం గుంటూరు జిల్లాలోని ఒక పట్టణం నుంచి వచ్చింది. రాసినావిడ తన పేరు వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి అందులోని ముఖ్యమైన సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

వాళ్లది ఉమ్మడి కుటుంబం. అత్తమామలు, బావగారు, తోడికోడలు, వాళ్ల ఆరేళ్ల బాబు, ఈమె, భర్త, నాలుగేళ్లు నిండిన పాప, అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. తాను ఇంజినీరింగ్‌లో చేరేదాకా కంప్యూటర్ ముట్టుకోలేదని, పక్కన కూర్చున్న సిటీ పిల్లల ముందు మొదటి ఏడాదంతా తల వంచుకునే గడిపానని ఆయన తరచూ అంటుంటారట. పాపకు ఆ పరిస్థితి రాకూడదని లండన్ నుంచి వస్తున్న స్నేహితుడి చేత బీ-బాట్ అనే రోబో బొమ్మ తెప్పించారు. చూడటానికి తేనెటీగలా ఉంటుంది, వీపు మీద బాణం గుర్తుల బటన్లు ఉంటాయి. ఖరీదైన బొమ్మ, విరిగిపోతుందని హాల్లో అద్దాల బీరువాలో పెట్టారు. ఆదివారం పొద్దున మాత్రం బయటకు తీసి, పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పిస్తారు. మొదట్లో పాప ఆదివారం కోసం ఎదురుచూసేది. ఇప్పుడు బీరువా తలుపు చప్పుడు వింటే వంటింట్లోకి పారిపోతోంది. బతిమాలితే ‘నాకు రాదు నాన్నా, అది నా మాట వినదు’ అని ఏడుస్తోంది. శ్రద్ధ లేదని ఆయన, పసిపిల్లను ఎందుకు ఏడిపిస్తారని ఈమె. ఆదివారాలు ఇలాగే గడుస్తున్నాయి.

ఇంకో సంగతి ఉంది. బావగారి బాబుకు మూడు రిమోట్ కార్లున్నాయి. పాప రిమోట్ ముట్టుకుంటే లాక్కుంటాడు. అత్తగారు పాపనే లేవదీసి ‘అన్నయ్యది కదమ్మా, ఆడపిల్లవి నీకెందుకు అవి, నీ వంట సామాను తెచ్చుకో పో’ అంటారు. తోడికోడలు ఏమీ అనరు. గొడవెందుకని ఈమె కూడా ఊరుకుంటారు. బ్యాటరీతో నడిచే బొమ్మలన్నీ ఫోన్ లాంటివే, కళ్లు పోతాయని అత్తగారి భయం. ఇప్పుడు ప్లేస్కూల్ వాళ్లు రోబోటిక్స్ క్లాసు మొదలుపెడుతున్నారు. ఏడాదికి పద్దెనిమిది వేలు అదనం, నెలాఖరులోగా కట్టాలి. భర్త కట్టేద్దామంటున్నారు, కోడింగ్ ఆటల కోసం ఒక ట్యాబ్ కూడా కొందామంటున్నారు.

ఆమె చివరగా ఇలా రాశారు: ‘ఈ వయసులో ఇవన్నీ నిజంగా కావాలా? వద్దంటే పాప భవిష్యత్తుకు నేనే అడ్డుపడినట్టు అవుతుందా? నేను బీకామ్ చదివి ఇంట్లో ఉండిపోయాను. నాకు కంప్యూటర్ రాదు. ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకుందో లేదో కూడా తెలియడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.’

సమాధానం:

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది పాప అన్న మాట దగ్గర. ‘అది నా మాట వినదు.’ దాన్ని మీరు భయమనుకున్నారు, మీవారు అశ్రద్ధ అనుకున్నారు. నాకైతే పాప జరిగింది జరిగినట్టు చెప్పిందనిపిస్తోంది. ఆ బొమ్మ నిజంగానే పాప మాట విని ఉండదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, మీ మిగతా ప్రశ్నల చిక్కు కూడా ఇక్కడి నుంచే విడిపోతుంది.

బీ-బాట్ మీద ముందుకు, వెనక్కు, ఎడమకు, కుడికి అని నాలుగు బాణాలుంటాయి. మధ్యలో ఆకుపచ్చ రంగులో గో బటన్ ఉంటుంది. బాణాలు నొక్కుతున్నంతసేపు బొమ్మ కదలదు, నొక్కిన వరుసను గుర్తుపెట్టుకుంటుంది. గో నొక్కాక ఆ వరుసలో నడుస్తుంది. ఒక అడుగు అంటే 15 సెంటీమీటర్లు. ఒక మలుపు అంటే 90 డిగ్రీలు. ఇంతవరకు మీవారు చెప్పే ఉంటారు. అయితే నడక పూర్తయ్యాక కూడా అది పాత వరుసను మరిచిపోదు. ఇంటూ గుర్తున్న బటన్ నొక్కి చెరపాలి. చెరపకుండా కొత్త బాణం నొక్కితే అది పాతదాని వెనక చేరుతుంది. పాప మొదటిసారి రెండు అడుగులు ముందుకు పంపిందనుకోండి. తర్వాత ఒకే ఒక్కసారి బాణం నొక్కి గో నొక్కింది. బొమ్మ మూడు అడుగులు నడుస్తుంది. పాప లెక్క సరిగ్గానే ఉంది, బొమ్మే తన మాట వినలేదు. నాలుగేళ్ల పిల్లకు ఇంతకన్నా వేరే అర్థం ఎలా తోస్తుంది?

మలుపు దగ్గర ఇంకో చిక్కు. ఎడమ బాణం నొక్కితే బొమ్మ ఎడమ గడిలోకి వెళుతుందని దాదాపు పిల్లలందరూ అనుకుంటారు. అది వెళ్లదు. ఉన్నచోటే ఎడమకు తిరిగి ఆగిపోతుంది. వెళ్లాలంటే మళ్లీ ముందుకు బాణం నొక్కాలి. ఆ పైన మీవారు పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుంటున్నారు. బొమ్మ పాప వైపు వస్తున్నప్పుడు దాని కుడి పాపకు ఎడమ అవుతుంది. కుడి చేయంటే అన్నం తినే చేయి అని మన ఇళ్లలో పిల్లలకు చెబుతాం. ఆ గుర్తు పాప ఒంటికి సరిపోతుంది. ఎదురుగా వస్తున్న బొమ్మకు అది ఎలా వర్తిస్తుందో ఊహించుకోవడం ఈ వయసుకు పెద్ద పనే. తన కుడి ఎడమలే ఇంకా పూర్తిగా కుదురుకోని వయసు.

అంటే మీ పాప ఒకేసారి మూడు చిక్కుముళ్ల ముందు కూర్చుంది, తప్పు జరిగిన ప్రతిసారీ నాన్న ముఖం చూస్తోంది. పారిపోవడంలో వింతేముంది? మీవారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. రోజూ కంప్యూటర్‌తో పనిచేసే మనిషికి, పాత ఆదేశాలు చెరపాలన్న సంగతి చెప్పకపోయినా తెలిసిపోతుంది. అలా తెలిసిపోయేవే ఇంకొకరికి చెప్పడం మరిచిపోతాం.

ఇప్పుడు ఇలాంటి బొమ్మలు అసలు ఎందుకు పుట్టాయో చెబుతాను. ఈ భాగం మీవారికి కూడా చదివి వినిపించండి, ఆయనకు నచ్చుతుందనుకుంటున్నాను. 1967లో అమెరికాలో సేమౌర్ పాపెర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోర్‌జైగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. కొన్నేళ్లకు ఆ భాషలో చెప్పిన మాట విని నేల మీద నడిచే ఒక యంత్రం వచ్చింది. దాన్ని తాబేలు అని పిలిచేవారు. పాపెర్ట్ అంతకుముందు జెనీవాలో జీన్ పియాజే అనే పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర కొన్నేళ్లు పనిచేశారు, పిల్లలు ఎలా ఆలోచిస్తారన్నదే ఆయనకు ముఖ్యం. తాబేలును ఎటు తిప్పాలో పిల్లలకు తోచకపోతే జవాబు చెప్పేవారు కాదు. నువ్వే తాబేలువై ఒకసారి నడిచి చూడు అనేవారు. ఒళ్లు తిప్పి చూస్తే బుర్రకు తోచనిది కాళ్లకు తోస్తుంది.

ఆ తాబేలుకు ఆదేశాలు టైపు చేయాలి. మరి అక్షరాలు రాని పిల్లల సంగతి? 1970ల మధ్యలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రేడియా పెర్ల్‌మన్ అనే అమ్మాయి వాళ్ల కోసం బటన్ల పెట్టెలు తయారుచేశారు. మొదటి పెట్టెలో బటన్ నొక్కగానే తాబేలు అప్పటికప్పుడు కదిలేది. నొక్కితే నడక, అంతే. దానితో చేయి తిరిగాకే, ఆదేశాల వరుసను గుర్తుపెట్టుకునే పెట్టె ఇచ్చేవారు. ఇదే రేడియా పెర్ల్‌మన్ తర్వాతి కాలంలో కంప్యూటర్ నెట్‌వర్కులు నడవడానికి కీలకమైన స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ కనిపెట్టారు. మీవారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. ‘ఆడపిల్లవి నీకెందుకు’ అన్న మాట మీ ఉత్తరంలో చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడే.

ఆ పెట్టెల వరుసను మీ ఇంటికి అన్వయించి చూడండి. నొక్కగానే కదిలే మొదటి పెట్టె అంటే రిమోట్ కారు. వరుసను గుర్తుపెట్టుకునే రెండో పెట్టె అంటే బీ-బాట్. పాపకు రెండోది ఇచ్చారు, మొదటిది అందకుండా చేశారు. మీరు రోబో గురించి ఒక పేజీన్నర రాసి, కార్ల గురించి ఒక్క పేరా రాశారు. నా దృష్టిలో ఆ పేరాయే పెద్దది.

రిమోట్ కారు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నాలుగేళ్ల పిల్ల చేతిలో ఉంటే అదొక పెద్ద పాఠం. ఇక్కడ నొక్కితే అక్కడ కదులుతోంది, మధ్యలో తాడు లేదు. కారు సోఫా కింద ఇరుక్కుంటే వెనక్కు తేవాలి. చవక కార్లలో చాలావాటికి రెండే బటన్లు, ముందుకు నొక్కితే తిన్నగా పోతుంది, వెనక్కు నొక్కితే వంకరగా తిరుగుతుంది. ఆ వంకరను వాడుకుని కారును గోడ మూల నుంచి ఎలా బయటకు తేవాలో పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. బ్యాటరీ అయిపోతుంటే కారు నెమ్మదిస్తుంది, దూరం పోతే మాట వినదు. ఇవన్నీ ఎవరూ చెప్పకుండా తెలిసేవి. ఇవి తెలిసిన పిల్లకు, ముందే చెప్పి పెట్టుకుని తర్వాత నడిపించే బొమ్మ ఇస్తే ‘ఓహో, ఇది వెంటనే కదలదన్నమాట’ అని తేడా పట్టుకుంటుంది.

ఆ రిమోట్ పాప చేతికి రావడానికి మీ ముందు కొన్ని దారులున్నాయి. ఏదీ ఖర్చు లేనిది కాదు.

తోడికోడలితో మాట్లాడటం ఒకటి. అందరి ముందూ వద్దు, ఇద్దరే ఉన్నప్పుడు. ‘మీ వాడు లాక్కుంటున్నాడు’ అని మొదలుపెడితే ఆమె కొడుకు తరఫున మాట్లాడక తప్పదు. ‘అక్కా, సాయంత్రం ఓ అరగంట పిల్లలిద్దరినీ కలిపి ఆడిద్దామా, ఒక రోజు మీరు చూడండి, ఒక రోజు నేను చూస్తాను’ అనొచ్చు. ఆ కార్లు బాబువి, ఆ మాట నిజం. ఆరేళ్ల పిల్లవాడి చేతిలోంచి తీసి చెల్లికి ఇస్తే వాడికీ అన్యాయమే. అందుకే ఇద్దరికీ పని ఉండే ఆట పెట్టండి. ఒకరు దిండ్లతో, డబ్బాలతో దారి కడతారు, ఇంకొకరు కారు నడుపుతారు, కాసేపటికి మార్చుకుంటారు. కొన్నాళ్లయితే నడిపేవాళ్ల కళ్లకు గంతలు కట్టి, రెండోవాళ్లు ‘ముందుకు, ఆగు, వెనక్కు’ అని చెప్పొచ్చు. ఆరేళ్లవాడికి చెల్లికి నేర్పే పెద్దరికం వస్తే సగం లాక్కోవడం తగ్గుతుంది. దీనికి అయ్యే ఖర్చు మీ సమయం. మొదటి రెండు మూడు వారాలు ఎవరో ఒక పెద్దవాళ్లు పక్కన కూర్చోకపోతే అది మళ్లీ కొట్లాటే అవుతుంది.

పాపకు వేరే కారు కొనడం ఇంకో దారి. దీనితో గొడవ ఆ రోజే ఆగుతుంది. కానీ ఇద్దరూ చెరో మూలా ఆడుకుంటారు, కలిసి ఆడటంలో వచ్చేది రాదు. కొనేటట్టయితే ఒక జాగ్రత్త. చవక కార్లు చాలావరకు ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తాయి, ఒక రిమోట్ నొక్కితే రెండు కార్లూ కదులుతాయి. అప్పుడు పాపకు మళ్లీ ‘ఇదీ నా మాట వినదు’ అయిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ అని డబ్బా మీద రాసి ఉన్నది తీసుకుంటే ఆ ఇబ్బంది రాదు.

ఇప్పటిలాగే ఊరుకోవడం మూడోది. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అన్నిటికన్నా ఖరీదైనది ఇదేనని మాత్రం నా అభిప్రాయం. ఆదివారం నాన్న ‘నువ్వు ఇంజినీరువి కావాలి’ అంటున్నారు. సోమవారం నుంచి శనివారం దాకా నానమ్మ ‘నీకెందుకివి’ అంటున్నారు, అమ్మ పక్కనే నిలబడి ఏమీ అనడం లేదు. పాప వారానికి ఒక రోజు వినే మాటను నమ్ముతుందా, ఆరు రోజులు వినేదాన్నా?

అత్తగారి విషయంలో ఆవిడ భయాన్ని, ఆవిడ అన్న మాటను విడదీసి చూడండి. కళ్ల గురించి భయం న్యాయమైనదే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంట దాటకూడదని, ఎంత తక్కువైతే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకు గంటే పరిమితి అంది. కారుకూ, తేనెటీగ బొమ్మకూ స్క్రీన్ లేదు. పిల్లలు వాటి వెంట నేల మీద పాకుతారు, పరిగెడతారు. ‘మీ భయం నిజమే అత్తయ్యా, అందుకే ఫోన్ బదులు ఇవి ఇస్తున్నాం’ అని చెప్పి చూడండి. ట్యాబ్ విషయంలో ఆవిడ ఎలాగూ మీ వైపే ఉంటారు.

బ్యాటరీల గురించి కూడా ఆవిడకు ఒక పెద్ద పని అప్పగించొచ్చు. కొన్ని చిన్న రిమోట్లలో, వెలిగే బొమ్మల్లో బటన్ ఆకారంలో గుండ్రటి బ్యాటరీలు ఉంటాయి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారని అనుమానం వచ్చినా చాలు, చూద్దాంలే అని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్క్రూతో మూత బిగించిన బొమ్మలే ఇంట్లో ఉండాలి. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది చూసే కొనండి. ఇంట్లో ఉన్న బొమ్మలన్నిటి మూతలూ ఒకసారి చూసిపెట్టమని అత్తగారినే అడగండి.

‘ఆడపిల్లవి’ అన్న మాట వేరు. దానికి వాదన అక్కర్లేదు గానీ మౌనం పనికిరాదు. పాప వింటుండగా మెల్లగా ‘పాప కూడా ఓసారి నడుపుతుంది అత్తయ్యా’ అంటే చాలు. ఒకటి రెండు రోజులు వంటింట్లో మాటలు తగ్గొచ్చు. అది భరించడం కష్టమనిపిస్తే మీవారిని మాట్లాడమనండి. కొడుకు చెబితే ఆవిడకు వేరుగా వినిపిస్తుంది. ఆయన రోజంతా గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిలో ఉంటారని రాశారు కాబట్టి, హాల్లో ఈ మాట నడుస్తోందని ఆయనకు తెలియకపోవచ్చు కూడా. లండన్ నుంచి బొమ్మ తెప్పించిన తండ్రి ఈ ఒక్క వాక్యం వింటే ఊరుకుంటారని నేననుకోను.

ఇక మీవారి భయం. మొదటి ఏడాదంతా తల వంచుకుని కూర్చున్న ఆ కుర్రవాడి బాధ చిన్నది కాదు. దాన్ని కొట్టిపారేయకండి. ఆయనతో మాట్లాడేటప్పుడు ‘ఇవన్నీ ఎందుకు’ అని కాకుండా, ‘పాప మీలాగ బాధపడకూడదని నాకూ ఉంది’ అని మొదలుపెట్టండి. తర్వాత ఈ సంగతి చెప్పండి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అంది, ఆ దశలో చదువు ఆట ద్వారానే సాగాలంది. కోడింగ్‌ను ఆరో తరగతి నుంచి పరిచయం చేయమంది. 2023లో కేంద్రం ఈ వయసు పిల్లల కోసం విడుదల చేసిన ‘జాదూయీ పిటారా’ పెట్టెలో ఉన్నవి కూడా బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మల్లాంటివే. నాలుగేళ్లకు కోడింగ్‌లో వెనకబడిపోవడం అనేది లేదు. వెనకబడే ప్రమాదం ఉన్నది ఇంకోచోట. ‘నాకు రాదు’ అనే మాట ఈ వయసులో అలవాటైతే అది లెక్కలకూ సైకిలుకూ కూడా పాకుతుంది.

ఆదివారాలను ఆపేయమని ఆయనతో అనకండి. తండ్రి వారానికోసారి పాప కోసం అంత సమయం పెట్టడం గొప్ప విషయం. ఆటను మాత్రం తిరగేయమనండి, కొన్నాళ్లు ఆయనే తేనెటీగ కావాలి. వాకిట్లో చాక్‌పీసుతో తొక్కుడుబిళ్ల గళ్లలాగా పెద్ద గళ్లు గీయండి. ఆయన ఒక గడిలో నిలబడతారు. పాప ‘ముందుకు, ముందుకు, ఎడమకు తిరుగు’ అని చెబుతుంది. ఆయన చెప్పింది చెప్పినట్టే చేయాలి, తెలివి వాడకూడదు. గోడ వస్తే గోడకు ఆనుకుని నిలబడాలి. ఎడమకు తిరుగు అంటే తిరిగి ఊరుకోవాలి, నడవకూడదు. పాప ‘వెళ్లు నాన్నా’ అంటుంది. ‘వెళ్లమని చెప్పలేదుగా’ అనాలి. మలుపు చిక్కు అక్కడే నవ్వుల్లో తీరిపోతుంది. పాప ఆయన వెనకాల నిలబడి, ఆయనతో పాటే తిరుగుతూ చెబితే కుడి ఎడమల బాధ కూడా తగ్గుతుంది. తర్వాత వేషాలు మార్చుకోవాలి. పాప తేనెటీగ, నాన్న ఆదేశాలిచ్చేవారు, బాబు వచ్చి చేరితే మరీ మంచిది.

ఆ తర్వాత కాగితం ముక్కల మీద బాణాలు గీసి ఇవ్వండి. నాలుగు ఆదేశాలు వరుసగా గుర్తుంచుకోవడం ఈ వయసుకు కష్టం. కాగితాలు నేల మీద వరుసగా పేర్చి, ఒక్కోదాన్ని చూస్తూ నడిపిస్తే ఆ బరువు తగ్గుతుంది. ఎక్కడ తేడా వచ్చిందో ఆ కాగితం ఒక్కటీ మారిస్తే సరిపోతుంది. ప్రోగ్రామ్‌లో తప్పు వెతికి సరిచేయడమంటే ఇదే కదా, మీవారు రోజూ చేసే పని. ఈ కాగితాలు అలవాటయ్యాక బీ-బాట్ బయటకు వస్తే, పాపకు అది నాన్న ఆడిన ఆటే ఆడే ఇంకో బొమ్మ. ఒక చార్ట్ మీద 15 సెంటీమీటర్ల గళ్లు గీసి, గళ్లలో అమ్మమ్మ ఇల్లు, గుడి, ఐస్‌క్రీమ్ బండి బొమ్మలు పాప చేతే వేయించండి. మొదట ఒక అడుగు, గో, తర్వాత ఇంటూ. ఇంటూ నొక్కడాన్ని ‘మరిచిపో’ అని పిలవొచ్చు. తప్పు దారి పట్టినప్పుడు ‘తప్పు’ అనే బదులు ‘నువ్వు ఎక్కడికి పంపావు, ఎక్కడికి వెళ్లింది?’ అని అడిగితే పాప తనే వెనక్కు వెళ్లి చూసుకుంటుంది. ఆ సమయంలో మీవారి చేతులు వీపు వెనక ఉండాలి. అందరికన్నా ఆయనకే అది కష్టం, నాకు తెలుసు. పావుగంటకు పాప లేచి వెళ్లిపోతే ఆ రోజుకు అయిపోయినట్టే.

అద్దాల బీరువా సంగతి మీరూ మీవారూ కలిసి తేల్చుకోవాలి. బొమ్మను పాప చేతికందే అరలో పెడితే అది కింద పడుతుంది, గీతలు పడతాయి. బహుశా ఒకరోజు ఆగిపోతుంది కూడా. నర్సరీ తరగతుల్లో పిల్లల చేతుల్లో నలగడానికే తయారుచేసిన బొమ్మ కాబట్టి మీరు భయపడుతున్నంత సులువుగా విరగదు, కానీ విరిగితే డబ్బు పోయినట్టే. ఆ నష్టానికి మనసు సిద్ధంగా లేకపోతే, పాపకు అయిదేళ్లు వచ్చేదాకా అట్టపెట్టెలో పెట్టి అటక మీద దాచేయండి. పాప నష్టపోయేది ఏమీ లేదు, ఈలోగా కారు, గళ్ల ఆట ఉన్నాయి. రోజూ కళ్లకు కనిపిస్తూ చేతికి అందకుండా ఉండటం మాత్రం నాకు నచ్చడం లేదు. ముట్టుకుంటే పాడుచేస్తాను అనే మాటను ఆ బీరువా రోజూ పాపకు చెబుతూ ఉంటుంది.

ట్యాబ్ ఇప్పుడు కొనకపోతే ఏమీ తగ్గదు. చదవడం రాని పిల్లలకు కూడా బొమ్మలతో కోడింగ్ చేయించే స్క్రాచ్ జూనియర్ లాంటి మంచి యాప్ ఉంది, అదీ ఉచితం, కానీ దాన్ని తయారుచేసింది అయిదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం. ఏడాది తర్వాత, పాత ట్యాబ్ ఏదైనా దొరికితే అందులో, పెద్దవాళ్లు పక్కన కూర్చుని చూపించొచ్చు.

మీ అర్హత గురించి అడిగారు. తప్పు ఎక్కడుందో కంప్యూటర్ తెలిసిన మనిషికి ముందే కనిపించేస్తుంది, అందుకే చెప్పకుండా ఉండలేరు. మీకు నిజంగా తెలియదు కాబట్టి ‘ఇదెందుకు అటు తిరిగింది?’ అని మీరు అడిగితే అది పరీక్షలా ఉండదు. పాప మీకు నేర్పుతుంది. వారం మధ్యలో ఓ సాయంత్రం ఆ బొమ్మ ముందు పాప, మీరు, ఇద్దరే కూర్చోండి. ఏమీ తెలియని మనిషిగానే కూర్చోండి. పాప మనసు ఆదివారం కన్నా ఆ సాయంత్రమే ముందు కుదుటపడుతుందని నా నమ్మకం. ఈ విషయంలో మాట్లాడటానికి పాపను రోజంతా చూసేవాళ్లకన్నా ఎక్కువ అర్హత ఎవరికుంది?

ప్లేస్కూల్ డబ్బుకు నెలాఖరు దాకా గడువుంది కాబట్టి, కట్టే ముందు మీరిద్దరూ కలిసి వెళ్లి ఒక క్లాసు చూస్తామని అడగండి. ఒక్కో బొమ్మకు ఎంతమంది పిల్లలు? నలుగురి కంటే ఎక్కువైతే మీ పాపలాంటి నెమ్మది పిల్ల గంటసేపు మిగతావాళ్ల వీపులు చూస్తూ కూర్చుంటుంది. ఆ గంట స్క్రీన్ మీదా, నేల మీదా? నేర్పేది పాపకు అలవాటైన టీచరా, వారానికోసారి బయటి నుంచి వచ్చే మనిషా? బొమ్మ తప్పుదారి పడితే సరిచేసేది టీచరా, పిల్లలా? ఈ చివరి ప్రశ్నకు జవాబు నోటితో అడగకండి, కూర్చుని చూడండి. సంవత్సరం చివర తల్లిదండ్రుల ముందు ప్రదర్శన ఉందంటే, ఏడాదంతా దాని రిహార్సల్‌కే పోతుందేమో కనుక్కోండి.

చూశాక నచ్చితే కట్టండి, తప్పేమీ లేదు. మంచి టీచరు దొరికితే, ఇంట్లో ఈ మార్పులు చేయడానికి మీకు ఓపిక లేని నెలల్లో ఆ క్లాసు పాపకు ఆసరా అవుతుంది. ఒక్క టర్ముకే కడతామని అడగొచ్చు, చాలామంది ఒప్పుకుంటారు. కట్టకూడదనుకుంటే ఒక సంగతి ముందే తేల్చుకోండి. ఆ గంటలో క్లాసులో చేరని పిల్లలను ఎక్కడ కూర్చోబెడతారు? ఆడుకోవడానికి పంపితే ఏ బాధా లేదు. అదే గదిలో ఓ మూల కూర్చోబెట్టి, మిగతావాళ్లు బొమ్మలతో ఆడుతుంటే చూస్తూ ఉండమంటే మీ పాపకు అది ఇంట్లో జరుగుతున్నదే బడిలోనూ జరిగినట్టు. అలా అయితే ఫీజు సంగతి పక్కనపెట్టి, ఆ గంట పాపను ఇంకో తరగతిలో కూర్చోబెట్టమని ప్రిన్సిపాల్‌ను గట్టిగానే అడగండి.